కుండ పెంకులో వేల ఏళ్లనాటి అయస్కాంత బలాన్ని ఎలా కొలుస్తారు?

ప్రశ్న అడిగినవారు: పెంకుటిల్లు

అందరికీ నమస్కారం. ఇరాక్‌లో సులేమానియా మ్యూజియంలో ఉన్న పాత ఇటుకల మీద 2023లో వచ్చిన ఒక పరిశోధన గురించి చదివాను. మొత్తం 32 ఇటుకలు. వాటి మీద 12 మంది మెసొపొటేమియా రాజుల పేర్లు ఉన్నాయట. విరిగిన అంచుల నుంచి రెండేసి మిల్లీమీటర్ల ముక్కలు తీసుకుని, ఆ ఇటుకలు కాల్చిన కాలంలో భూమి అయస్కాంత క్షేత్రం ఎంత బలంగా ఉండేదో లెక్కగట్టారు. నెబుకద్నెజరు ఒక్కడి పాలనలోనే, అంటే క్రీ.పూ. 604 నుంచి 562 లోపే, ఆ బలం బాగా మారినట్టు కనిపించిందని రాశారు.

నేను జగిత్యాల వైపు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. బాగా వేడిచేస్తే అయస్కాంతత్వం పోతుందని, చల్లారేటప్పుడు చుట్టూ ఉన్న క్షేత్రాన్ని బట్టి మళ్లీ వస్తుందని తెలుసు. అక్కడి నుంచి ముందుకు పోతే మూడు చోట్ల ఆగిపోతున్నాను.

ఒకటి, ఇటుకను ఆవంలోంచి తీసి ఎక్కడో గోడలో పెట్టారు. ఆ గోడ కూలింది, ఇటుక మ్యూజియానికి చేరింది. కాల్చినప్పుడు ఏ ముఖం ఉత్తరానికి ఉందో ఎవరికీ తెలియదు. మరి దాన్నుంచి ఏం తెలుస్తుంది? రెండు, ఇన్ని వేల ఏళ్లూ అది భూమి క్షేత్రంలోనే పడి ఉంది కదా, ఆ ప్రభావం దాని మీద పడదా? మూడోది నన్ను ఎక్కువ పీడిస్తున్నది. ఒక ఊరి మట్టిలో ఇనుము ఎక్కువ, ఇంకో ఊరి మట్టిలో తక్కువ. ఇటుకలో అయస్కాంతత్వం ఎక్కువగా కనిపిస్తే అది అప్పటి క్షేత్రం బలమా, ఆ మట్టి బలమా? రెండింటినీ విడదీసేది ఎలా?

మా అమ్మమ్మగారి ఇల్లు కుమ్మరివాడ పక్కనే. ఆవం పేర్చడం, కాల్చడం చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి, అందుకే ఈ విషయం వదలబుద్ధి కావడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

జవాబు: లోలకం

మొదటిదానికి నేను చెబుతాను. దిక్కు పోతుంది, బలం పోదు. పెంకును ఎటు తిప్పినా దానిలోని అయస్కాంతత్వం పరిమాణం మారదు కదా. దిక్కు కూడా కావాలంటే కదలని వస్తువు కావాలి: కాలిన నేల, పొయ్యి అడుగు, బట్టీ గోడ లాంటివి. ఇటలీలో ఫోల్‌గెరైటర్ అనే ఆయన 19వ శతాబ్దం చివర్లోనే కుండలతో ఒక ప్రయత్నం చేశాడు. కుండను ఆవంలో నిటారుగా నిలబెట్టి కాల్చారనుకుంటే ఉత్తరం ఏదో తెలియకపోయినా, క్షేత్రం నేలకు ఎంత వాలుగా ఉండేదో తెలుస్తుందని ఆయన ఆలోచన. మిగతా రెండింటికీ ల్యాబ్‌లో చేసినవాళ్లు చెబితేనే బాగుంటుంది.

జవాబు: నల్లరేగడి

మాస్టారూ, మీ మూడో ప్రశ్న దగ్గరే ఈ శాస్త్రం మొదలవుతుంది. పురా అయస్కాంతత్వం, అంటే పాత వస్తువుల్లో మిగిలిన అయస్కాంతత్వాన్ని కొలిచే ల్యాబ్‌లో కొన్నేళ్లు పనిచేశాను. రాళ్లకంటే కుండ పెంకులే నా చేతుల మీదుగా ఎక్కువ పోయాయి. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

మట్టిలో ఇనుము ఎంతుందో మనకు తెలియనక్కర్లేదు. మానిక ఎంత పెద్దదో తెలియకపోయినా, అదే మానికతో రెండు బస్తాల బియ్యం కొలిస్తే ఏది ఏదానికి ఎన్ని రెట్లో తెలిసిపోతుంది. ఇక్కడ ఆ మానిక పెంకే. భూమి క్షేత్రమంత తక్కువ బలాల దగ్గర, కాలి చల్లారిన మట్టిలో మిగిలే అయస్కాంతత్వం క్షేత్ర బలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. కాబట్టి పెంకులో ఇప్పుడున్నది కొలుస్తాం. తర్వాత దాన్నే మళ్లీ వేడిచేసి, మనకు తెలిసిన క్షేత్రంలో చల్లార్చి, కొత్తగా వచ్చింది కొలుస్తాం. పాతదాన్ని కొత్తదానితో భాగించి ల్యాబ్ క్షేత్రంతో గుణిస్తే పాత క్షేత్రం వస్తుంది. మట్టి గుణం పైనా కిందా ఉండి కొట్టుకుపోతుంది.

చిక్కంతా ఆ "మళ్లీ వేడిచేసి" అన్న మాటలో ఉంది. కొలిచే మధ్యలో మానికే సాగిపోతే? పెంకును 500 డిగ్రీలకు తీసుకెళ్తే అందులోని బంకమట్టి ఖనిజాలు కొన్ని విరిగి కొత్తగా మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజం పుట్టవచ్చు. ఉన్న మాగ్నటైట్ గాలి తగిలి హెమటైట్ అనే ఇంకో ఇనుప ఖనిజంగా మారిపోవచ్చు. అప్పుడు మీరు వేసే నిష్పత్తికి అర్థమే ఉండదు. ఒకేసారి పూర్తిగా వేడిచేసి చూస్తే ఈ మార్పు జరిగిందో లేదో కూడా తెలియదు.

దీనికి దారి చూపినవాళ్లు ఫ్రాన్స్‌కు చెందిన ఎమీల్ తెల్లియే, ఒడెట్ తెల్లియే దంపతులు. వాళ్ల 1959 నాటి వ్యాసమే ఇప్పటికీ ఈ పనికి పునాది. పెంకులోని అయస్కాంత రేణువులన్నీ ఒకే వేడి దగ్గర బిగుసుకోవు. అయస్కాంతత్వం మొత్తం పోయే పైహద్దు మాగ్నటైట్‌కు 580 డిగ్రీల సెల్సియస్ దగ్గర, హెమటైట్‌కు 675 దగ్గర. ఆ హద్దు కింద ఒక్కో రేణువు దాని సైజును, ఆకారాన్ని బట్టి ఒక్కో వేడి దగ్గర గడ్డకడుతుంది. 200 నుంచి 250 మధ్య బిగుసుకున్న వాటా వేరు, 400 నుంచి 450 మధ్య బిగుసుకున్న వాటా వేరు. ఒకదాన్ని చెరిపినా ఇంకోదానికి ఏమీ కాదు. అంటే ఆవంలో ఆనాడు జరిగిన చల్లారడాన్ని మెట్టుమెట్టుగా విడదీసి చూడొచ్చు.

ల్యాబ్‌లో జరిగేది ఇదీ. పెంకులోంచి చిన్న ముక్క తీసి, గాజు పీచుతో చుట్టి, సన్నటి గాజు గొట్టంలో కదలకుండా అతికిస్తాం. మామూలు జిగురు కాలిపోతుంది కాబట్టి పొటాషియం సిలికేట్ వాడతాం. ఓవెన్ చుట్టూ బయటి క్షేత్రం లోపలికి రాకుండా లోహపు కవచాలు ఉంటాయి. 100 డిగ్రీలకు వేడిచేసి, క్షేత్రమే లేకుండా చల్లారుస్తాం. అయస్కాంతత్వం కొలిచే మాగ్నెటోమీటర్లో పెడితే పాతది ఎంత పోయిందో తెలుస్తుంది. మళ్లీ అదే 100కి తీసుకెళ్లి, ఈసారి ఓవెన్ లోపల తీగచుట్టలో కరెంటు పెట్టి మనకు కావలసిన క్షేత్రంలో చల్లారుస్తాం. కొత్తది ఎంత వచ్చిందో తెలుస్తుంది. తర్వాత 150, 200, 250, అలా పైకి. నిలువుగీత మీద మిగిలిన పాతది, అడ్డగీత మీద చేరిన కొత్తది పెట్టి చుక్కలు వేస్తూ పోతాం. చుక్కలన్నీ ఒకే సరళరేఖ మీద పడితే ఆ రేఖ వాలే జవాబు. ఉదాహరణకు ల్యాబ్ క్షేత్రం 40 మైక్రోటెస్లా (క్షేత్ర బలాన్ని కొలిచే ప్రమాణం) అనుకోండి. 400 డిగ్రీలు వచ్చేసరికి పాతది 30 పాళ్లు పోయి కొత్తది 20 పాళ్లు చేరితే, నిష్పత్తి ఒకటిన్నర. పాత క్షేత్రం 60 మైక్రోటెస్లా.

ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది వెనక్కి వెళ్లి చూసే మెట్టు. 400 అయ్యాక మళ్లీ 300కి దిగి, అదే క్షేత్రంలో చల్లార్చి కొలుస్తాం. ఇంతకుముందు 300 దగ్గర ఎంత పట్టుకుందో ఇప్పుడూ అంతే పట్టుకుంటే మట్టి మారలేదన్నమాట. ఎక్కువ పట్టుకుంటే కొత్త మాగ్నటైట్ పుట్టింది. అక్కడి నుంచి పై కొలతలన్నీ పక్కన పెట్టేయాల్సిందే. 350 దాకా గీత చక్కగా వచ్చి, 450 దగ్గర వెనక్కి చూస్తే చుక్క పక్కకు జరిగి ఉంటుంది. రోజులకొద్దీ ఓవెన్ చుట్టూ తిరిగిన ముక్క అలా చేజారుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. కానీ పెంకు నమ్మదగిందో కాదో పెంకే చెప్పే ఏర్పాటు ఉండబట్టే ఈ అంకెలను నేను నమ్ముతాను. పాత రోజుల్లో ఈ తనిఖీ లేకుండా ప్రచురించిన అంకెలు ఎంత అందంగా ఉన్నా వాటిని ఈ అంకెల పక్కన పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇక మీ రెండో ప్రశ్న. అవును, నేటి క్షేత్రం కొంత ఎక్కుతుంది. తక్కువ వేడికే బిగుసుకునే రేణువులు మామూలు ఎండకు కూడా వేల ఏళ్లలో మెల్లగా అటు తిరుగుతాయి. కానీ అవి 150, 200 డిగ్రీల మెట్లలోనే చెరిగిపోతాయి. వంటకుండ అయితే ఇంకో పొర ఉంటుంది. రోజూ పొయ్యి మీద పెట్టిన అడుగు భాగం కొంత వేడి దాకా మళ్లీ మళ్లీ కాలి, ఆ భాగపు జ్ఞాపకం వంటింటిది అవుతుంది. పై మెట్లలో ఆవంనాటిది అలాగే ఉంటుంది. చుక్కల్లో రెండు వాలులు స్పష్టంగా కనిపిస్తాయి. అందుకే వీలున్నప్పుడు కుండ మూతి అంచు ముక్కలు ఏరుకుంటాం.

రెండు దిద్దుబాట్లు కూడా చెప్పకపోతే కథ పూర్తి కాదు. సారె మీద చేసిన కుండలో రేణువులు గోడ వెంబడి పడుకుని ఉంటాయి, ఆ వైపు అయస్కాంతత్వం తేలిగ్గా పట్టుకుంటాయి. అందుకని ముక్కను ఆరు దిక్కులకు తిప్పి కొలిచి సరిచేస్తాం. రెండోది చల్లారే వేగం. మా ఓవెన్ గంటలోపే చల్లారుతుంది, ఆవం తెల్లవార్లూ చల్లారుతుంది. మెల్లగా చల్లారితే చాలా పెంకులు కాస్త ఎక్కువ పట్టుకుంటాయి. సరిచేయకపోతే పాత క్షేత్రం ఉన్నదానికంటే ఎక్కువగా, కొన్నిసార్లు పది శాతం దాకా, తేలుతుంది.

పెంకుటిల్లు:

మేడమ్ గారూ, చాలా కృతజ్ఞతలు. "వెనక్కి వెళ్లి చూడటం" చదివాక రాత్రి నిద్రపట్టింది. ఇంకో రెండు అడుగుతాను. ఆవంలో గాలి ఆడితే కుండ ఎర్రగా వస్తుంది, పొగ కమ్మేస్తే నల్లగా వస్తుంది. మా పక్కింటి కుమ్మరి తాత కావాలనే ఆకులూ పేడా కప్పి నల్ల కుండలు తీసేవాడు. ఈ తేడా మీ కొలతకు లెక్కకొస్తుందా? ఇంకోటి, ఇంత శ్రమపడి పాత బలం తెలుసుకుంటే ఇప్పుడు మనకు తెలిసేదేమిటి? పిల్లలకు చేసి చూపడానికి తేలికైనది ఏమైనా ఉందా?

నల్లరేగడి:

చాలా లెక్కకొస్తుంది మాస్టారూ. గాలి ఆడిన ఎర్ర కుండలో హెమటైట్ పెరుగుతుంది, పొగలో మగ్గిన నల్ల కుండలో మాగ్నటైట్ నిలుస్తుంది. మాగ్నటైట్ బలంగా పలుకుతుంది కాబట్టి నల్ల పెంకు చూస్తే ముందు ఆశ పుడుతుంది. కానీ దాన్ని మా ఓవెన్లో, గాలిలో, మళ్లీ కాల్చేసరికి ఆక్సీకరణ మొదలై వెనక్కి చూసే మెట్టులో తప్పిపోవడం ఎక్కువ. గాలిలో బాగా కాలిన ఎర్ర పెంకు, అప్పటికే ఒకసారి ఆ మార్పులన్నీ అయిపోయినది, సాధారణంగా నిలకడగా ఉంటుంది. మన ప్రాంతపు బృహత్ శిలాయుగం సమాధుల్లో దొరికే నలుపు ఎరుపు కుండల్లో రెండూ ఒకే పెంకులో ఉంటాయి. మూతి వైపు నలుపు, కింద ఎరుపు. అలాంటిది దొరికితే రెండు రంగుల నుంచీ ముక్కలు తీసుకోవాలి. రెండూ ఒకే అంకె ఇస్తే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు.

ఎందుకంటారా? క్షేత్ర బలాన్ని నికరంగా కొలిచే పద్ధతి గౌస్ 1832లో కనిపెట్టాడు. అంతకుముందు నావికులు దిక్సూచితో దిక్కు రాసుకున్నారే తప్ప బలాన్ని నికరంగా ఎవరూ కొలవలేదు. 1840ల నుంచి ఇప్పటికి భూమి ద్విధ్రువ బలం, అంటే భూమిని ఉత్తర దక్షిణ ధ్రువాలున్న ఒకే పెద్ద అయస్కాంతం అనుకుంటే దాని బలం, సుమారు 9 శాతం తగ్గింది. ఇది వింటే ధ్రువాలు తారుమారవుతాయేమోనని టెన్షన్ పడేవాళ్లున్నారు. రెండు వందల ఏళ్లు కూడా లేని రికార్డుతో దీన్ని తేల్చలేం, కుండల దగ్గరికి వెళ్లాల్సిందే. వెళ్లి చూస్తే మూడు వేల ఏళ్ల కిందట బలం ఇప్పటికంటే బాగా ఎక్కువ. జెరూసలేం ప్రాంతంలో అయితే క్రీ.పూ. 8వ శతాబ్దం చివర్లో నేటికి రెండింతలు చేరి, ముప్ఫై ఏళ్లలోనే నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అంటే ఇప్పటి తగ్గుదల భూమికి కొత్తేమీ కాదు. ఆఫ్రికాలో లింపోపో నది లోయలో వందల ఏళ్ల కిందటి రైతులు కరువొస్తే శుద్ధి కోసం గుడిసెలు, ధాన్యపు గాదెలు తగలబెట్టేవాళ్లు. ఆ కాలిన నేలలను కొలిస్తే, దక్షిణ అట్లాంటిక్ మీద ఈనాడు ఉపగ్రహాలను ఇబ్బందిపెట్టే బలహీన క్షేత్రానికి ఆ ప్రాంతంలో పాత చరిత్ర ఉండొచ్చని తెలిసింది.

పిల్లలకు ఇలా చూపండి. ఫోన్లో మాగ్నెటోమీటర్ యాప్ వేసి బల్ల మీద కదలకుండా పెట్టండి. మన దగ్గర సుమారు నలభై పైచిలుకు మైక్రోటెస్లా చూపిస్తుంది. బాగా కాలిన ఎర్ర ఇటుకను సెన్సర్ ఉన్న అంచుకు దాదాపు ఆనించి, నెమ్మదిగా తలకిందులు చేయండి. ఇటుక గట్టిదైతే అంకె ఒకటి రెండు మైక్రోటెస్లాలు అటూ ఇటూ ఊగుతుంది. ఫోన్ మాత్రం కదపకూడదు. బల్లలో ఇనప మేకులు లేకుండా చూసుకోండి. కాల్చని పచ్చి ఇటుకతో కూడా అదే చేయించండి, తేడా వాళ్లకే తెలుస్తుంది.

జవాబు: వరలబావి

నేను పురావస్తు శాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నల్లరేగడి అక్క బలం గురించి చెప్పింది, నేను రెండో సగం చెబుతాను. ఎంత చక్కగా కొలిచినా ఆ పెంకు ఎప్పుడు కాలిందో తెలియకపోతే చుక్కను ఎక్కడ పెడతాం? బొగ్గులోని కార్బన్‌ను బట్టి లెక్కగట్టే తేదీలు కూడా చాలాసార్లు వందేళ్ల అటూ ఇటూ ఇస్తాయి. పైగా క్రీ.పూ. 800 నుంచి 400 దాకా ఆ తేదీల రేఖ చదునుగా ఉండి, ఏ శతాబ్దమో తేల్చదు. అందుకే ఇరాక్ ఇటుకల మీది రాజుల పేర్లకు అంత విలువ. జెరూసలేం చుట్టూ ఉండిన పాత యూదా రాజ్యపు జాడీల పిడులూ అంతే. వాటి మీద ప్రభుత్వ ముద్ర ఉంటుంది, పాలన మారినప్పుడల్లా ముద్ర మారుతుంది. అక్క చెప్పిన ఆ ముప్ఫై ఏళ్ల పతనం 2017లో తేలింది ఆ పిడుల మీదే.

ఏ కాలంలో క్షేత్రం ఎంత బలంగా ఉందో చూపే రేఖ ఒకసారి గట్టిపడితే లెక్క తిరగబడుతుంది, క్షేత్రమే తేదీ చెబుతుంది. ఇజ్రాయెల్‌లో కాలిపోయిన పాత ఊళ్లను 2022లో అలాగే పోల్చారు. డమాస్కస్ రాజు హజాయేలు క్రీ.పూ. 830 ప్రాంతంలో తగలబెట్టిన గాతు నగరపు అంకె, ఇంకొన్ని ఊళ్ల అంకెలతో కలిసింది. బేత్‌షెయాన్ అనే ఊరిది మాత్రం కలవలేదు, అది అంతకు 70 నుంచి 100 ఏళ్ల ముందే కాలిందని తేలింది.

మన దగ్గర ముద్రలున్న ఇటుకలు అరుదు. కానీ నాగార్జునకొండ ఉంది! ఇక్ష్వాకుల శాసనాల్లో పాలనా సంవత్సరాలు రాసి ఉన్నాయి. ఆ రాజకుటుంబపు చాంతిసిరి కట్టించిన మహాచైత్యం వీరపురుషదత్తుడి పాలన 6వ ఏట పూర్తయిందని అక్కడి స్తంభాలే చెబుతాయి. అలా తేదీ ఉన్న కట్టడాల ఇటుకలను వరుసగా పేర్చితే, ఇక్ష్వాకుల కాలం మొత్తంగా కొన్నేళ్లు అటూ ఇటూ జరిగినా లోపలి క్రమం చెదరదు. అక్కా, ఆ ఇటుకలు పనికొస్తాయా? జలాశయం వచ్చినప్పుడు కట్టడాలను తరలించి మళ్లీ కట్టారు కదా.

నల్లరేగడి:

తమ్ముడూ, తరలించడం సమస్యే కాదు. మనకు దిక్కు అక్కర్లేదు, ఇటుకను ఆవంలోంచి తీసినప్పుడే దాని దిక్కు పోయింది. జాగ్రత్త పడాల్సింది రెండింటి విషయంలో. మళ్లీ కట్టిన చోట కొత్త ఇటుకలు కలిసి ఉండొచ్చు కాబట్టి, తవ్వకంలో తీసి పొర పేరు రాసి స్టోర్లో పెట్టినవే అడగాలి. ఇంకా, ఆ రోజుల్లో కూడా పాత కట్టడం ఇటుకలు ఊడదీసి కొత్తదానికి వాడేవాళ్లు. అందుకని ఒక కట్టడం నుంచి ఒక్క ఇటుకతో తేల్చకూడదు. వేర్వేరు చోట్ల నుంచి కనీసం ఏడెనిమిది ఇటుకలు, ఒక్కో ఇటుక నుంచి మూడు నాలుగు ముక్కలు కావాలి. వాటిలో సగం తనిఖీలో పోతాయనుకునే బయల్దేరాలి. అంకెలు ఒకచోట గుంపుగా చేరి ఒకటి రెండు విడిగా నిలబడితే, ఆ విడిగా ఉన్నవే అరువు ఇటుకలని అనుమానించాలి.

మన దేశానికి గత మూడు వేల ఏళ్ల అంకెలు యూరప్‌తో, పశ్చిమాసియాతో పోలిస్తే చాలా పలచగా ఉన్నాయి. భూమధ్యరేఖకు దగ్గరగా ఉన్న చోట క్షేత్రం ఎలా నడిచిందో తెలియకుండా భూమి మొత్తానికి రేఖ గీస్తే, మన వైపు ఊహే మిగులుతుంది. హైదరాబాద్‌లో ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ), నవీ ముంబయిలో భారతీయ భూ అయస్కాంత సంస్థ ఉన్నాయి. అడగాల్సింది మీలాంటి తవ్వకాల వాళ్లే. నీ పరిశోధనలో ఇటుకలు చేతికొస్తే నాకు కబురు పెట్టు, మనస్ఫూర్తిగా సాయం చేస్తాను.

ఈలోగా ఒక్క మాట మీ గైడ్‌కూ స్టోర్ వాళ్లకూ చెప్పు. ఇనుము ఉందో లేదో చూద్దామని పెంకుకు అయస్కాంతం తగిలించొద్దు. అయస్కాంతం మూత ఉన్న పెట్టెలో పెట్టొద్దు. ఆ తాకిడి భూమి క్షేత్రానికి వేల రెట్లు ఉంటుంది, ఒక్కసారి తగిలితే ఆవంనాటి రికార్డు దాని కింద కప్పబడిపోతుంది. పొలాల్లో దొరికే పెంకులు కూడా ఎవరూ ఏరి ఇంటికి తేవద్దు. ఏ పొరలో, దేని పక్కన దొరికిందో తెలియని పెంకు మాకు పనికిరాదు, చరిత్రకూ పనికిరాదు. ముక్క చిటికెన వేలి గోరంత ఉంటే చాలు. విరిగిన అంచు నుంచి, చెక్కడం గానీ రంగు గానీ లేని చోట, ఉక్కు ఉలి కాకుండా రాతితో గానీ కంచుతో గానీ చిదిమి తీసి, కాగితపు కవర్లో పెట్టి, తవ్విన గుంట నంబరూ పొర నంబరూ పెన్సిల్‌తో రాయండి.